కొలవకముందే ఎత్తిన లాడం

ఆగస్టు ఇరవై అయిదు, గురువారం ఉదయం ఆరున్నరకు కోడూరి భీమశంకరం గారు వంటింట్లో ఇడ్లీరవ్వ తూచుకునే కాటా మీద గుర్రపు లాడం పెట్టి బరువు చూశారు. రెండు పౌండ్ల తొమ్మిది ఔన్సులు. బుధవారమూ అంతే, మంగళవారమూ అంతే. ఇనుము రాత్రికి రాత్రి చిక్కిపోదని మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా తూచారు. చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నారు. లాడం తీసి, కాటాని తడిగుడ్డతో తుడిచారు.

"ఏమైనా ఒళ్ళు చేసిందా?" అని అడిగారు ఆయన భార్య జ్ఞానప్రసూన, స్టౌ దగ్గర్నుంచి తిరక్కుండానే.

"లేదు."

"చేసినవాళ్ళు దాని పక్కనే ఉన్నారు. తమరు ఓసారి ఎక్కండి, కాటా పనిచేస్తోందో లేదో తెలుస్తుంది."

"నేనెక్కితే ఇంక పనిచెయ్యదు ప్రసూనా. అది అయిదు కిలోల దాకానే."

వాళ్ళింటికి మూడిళ్ళ అవతల ఉంటాను కనక కాఫీ వంకతో వెళ్ళి ఈ సంభాషణ విన్నాను. నేను వెళ్ళింది కాఫీకి కాదు. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన కాగితం ఇంకా అక్కడే ఉందో లేదో చూడ్డానికి. ఉంది. భీమశంకరం గారు స్వయంగా టైపు చేసినది, కింద భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసినది: "2011 సీజన్‌లో భీమశంకరం కనీసం ఒక్క మ్యాచ్ గెలిచినచో పెరటి స్థలం యథాతథం. గెలవనిచో లేబర్ డే (సెప్టెంబరు 5, సోమవారం) నాడు సదరు స్థలం గోంగూరకు స్వాధీనం."

సీజన్‌కి పద్నాలుగు గురువారాలు. పదమూడు అయిపోయాయి. పదమూడూ ఓడిపోయారు. పద్నాలుగోది ఆ సాయంత్రమే.

మా అమెరికా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో భీమశంకరం గారిని తెలియని తెలుగువాళ్ళు తక్కువ. కార్ల తలుపులకి బందులు తయారుచేసే కంపెనీలో ముప్పై ఒక్కేళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. బందు అంటే తలుపుని కారుకి పట్టి ఉంచేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా తలుపు కిర్రుమంటుంది. ఆ కిర్రు వినపడకుండా చెయ్యడమే ఆయన ఉద్యోగం. "ముప్పై ఒక్కేళ్ళు కష్టపడి నేను సాధించింది ఏమిటయ్యా అంటే నిశ్శబ్దం," అనేవారు. "ఎవరైనా కారు తలుపు తీసి ఏమీ వినకపోతే, అది నేనన్నమాట."

2009లో కంపెనీ మూతపడింది. అప్పటికి ఆయనకి అరవై ఒకటి. ఇంట్లో ఉన్న రెండు కార్లలో ఒకటి అమ్మేశారు. రెండోది ప్రసూన గారితో పాటు ఆవిడ పనిచేసే లైబ్రరీకి వెళ్ళిపోయేది. మొదటి మూడు నెలలు ఇంట్లో ప్రతి తలుపు బందుకీ నూనె వేశారు. నాలుగో నెలలో మా ఇంటి తలుపులకీ వేశారు. అయిదో నెలలో ప్రసూన గారు, "ఎక్కడికైనా వెళ్ళి ఏదైనా చెయ్యండి. నాతో లైబ్రరీకి మాత్రం రాకండి," అని ఆయన్ని దారిలో పార్కు దగ్గర దింపేసి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆ పార్కులో ఆయన ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు విన్నారు. ఎవరో ఏదో రిపేరు చేస్తున్నారు, తప్పుగా చేస్తున్నారు అనుకుని, చెప్పడానికి వెళ్ళారు. అక్కడ డెబ్భై దాటిన ఒకావిడ మట్టిగుంటలోకి లాడాలు విసురుతోంది. పేరు ఆర్లీన్. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. లాడాల క్లబ్బుకి ప్రెసిడెంటు, సెక్రటరీ, గడ్డి కోసే మనిషీ అన్నీ ఆవిడే. ఈయన్ని ఎగాదిగా చూసి ఒక లాడం చేతిలో పెట్టింది. ఈయన విసిరారు. అది గుంటకి పదడుగుల అవతల బెంచీ కింద పడింది.

"పరవాలేదు, బెంచీ కదల్లేదు," అందిట ఆర్లీన్.

ఆట సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. నలభై అడుగుల దూరంలో ఎదురెదురుగా రెండు ఇనుప గూటాలు ఉంటాయి. ఒక్కోటి నేల మీద పదిహేను అంగుళాలు లేచి, అవతలిదానివైపు మూడంగుళాలు వంగి ఉంటుంది. చుట్టూ మట్టో ఇసకో నింపిన గుంట. ఆటగాళ్ళు ఇద్దరు, చెరి రెండు లాడాలు. ఇవి ఏ గుర్రానికీ పట్టని సైజువి, ఈ ఆట కోసమే పోతపోసినవి. ఇటు నిలబడి, చెయ్యి కిందనుంచి ఊపి, అటు గూటానికి విసరాలి. గాల్లో ఒకటింబావు చుట్టు తిరిగి, తెరిచి ఉన్న వైపుతో గూటాన్ని చుట్టుకుంటే అది రింగర్, మూడు పాయింట్లు. చుట్టుకోకపోయినా ఆరంగుళాల లోపు పడితే ఒక పాయింటు, అదీ ఎదుటివాళ్ళది అంతకన్నా దగ్గరగా లేకపోతేనే. నలభై ముందు చేరినవాళ్ళు గెలిచినట్టు. ఆడవాళ్ళూ, డెబ్భై నిండిన మగవాళ్ళూ ముప్పై అడుగుల నుంచి విసరచ్చు. విసిరాక ఇద్దరూ నడిచి వెళ్ళి, ఎవరికెన్నో ఒప్పుకుని, లాడాలు తీసుకుని, మళ్ళీ అటునుంచి ఇటు విసురుతారు. ఒప్పుకోకముందు లాడం మీద చెయ్యి వేస్తే, ఆ విడతలో చెయ్యి వేసినవాళ్ళ పాయింట్లు పోతాయి. ఆర్లీన్ ఇచ్చే కాగితంలో ఇది తొమ్మిదో రూలు. భీమశంకరం గారికి పదకొండు రూల్సూ కంఠతా వచ్చు. రానిది ఆట ఒక్కటే.

ఇది నేను అంటున్న మాట కాదు, ఆయన అన్న మాటే. తన ఆట గురించి ఆయన కంటే ఘోరంగా మాట్లాడినవాళ్ళు లేరు. "మొదటి ఏడాది నేను విసురుతుంటే పక్క కోర్టువాళ్ళు హెల్మెట్ గురించి ఆలోచించారు. రెండో ఏడాది నుంచి భయపడ్డం మానేశారు. అదే నా ప్రోగ్రెస్."

నాలుగు లాడాల డబ్బా పోస్టులో ఇంటికి వచ్చిన రోజున ఆయన ఇంట్లో లేరు. ప్రసూన గారు విప్పి చూసి, ఉద్యోగం పోయిన మనిషి ఇంటికి మంచి జరగాలని తెప్పించుకున్నారు కాబోలు అనుకుని, ఒకదానికి పసుపు రాసి వీధి గుమ్మం పైన మేకు కొట్టి తగిలించారు. మిగతా మూడూ ఎవరికివ్వాలా అని ఆలోచిస్తూ మాకు ఫోన్ చేశారు. "మీ గుమ్మం ఎంత వెడల్పండీ?" అని అడిగారు. అది పది రోజులు అక్కడే వేలాడింది. ఆయన మూడు లాడాలతోనే ప్రాక్టీసు చేశారు, ఎందుకంటే భార్య పసుపు రాసి పెట్టినదాన్ని దింపడానికి మనసొప్పలేదు. చివరికి ప్రసూన గారే నిచ్చెన వేసుకుని దింపి ఇచ్చారు. "ఇది ఇక్కడున్నా అక్కడున్నా మనకి జరిగేదేమీ లేదని తెలిసింది. తీసుకోండి."

పెరట్లో పొద్దస్తమానం ఎండ పడే స్థలం ఒక్కటే ఉంది. కంచె వెంబడి యాభై అడుగుల పొడుగు. మిగతాదంతా మేపుల్ చెట్ల నీడ. ఆ ఎండ స్థలంలో ఆయన రెండు గుంటలు తవ్వి, గూటాలకి మూడడుగుల లోతు కాంక్రీటు పోసి బిగించారు. ప్రసూన గారి గోంగూర కుండీల్లో, నీడలో, జానెడు ఎత్తుకి పెరిగి ఆగిపోయేది. రెండు వేసవులు ఆవిడ ఊరుకున్నారు. 2011 మే నెలలో అమెరికా తెలుగు పిక్నిక్‌లో ఇంకొకరు తెచ్చిన గోంగూర పచ్చడి తిని ఇంటికి వచ్చిన రాత్రే, ఫ్రిజ్ మీది ఒప్పందం పుట్టింది.

ఆయన ఒప్పుకోకుండా ఉండాల్సింది. అదే అడిగాను.

"ఒక్క మ్యాచేగా అన్నానండీ," అన్నారు. "ఒక్కటి! పద్నాలుగింట్లో ఒక్కటి. ప్రాబబిలిటీ వేసుకుంటే నాకే జాలేసింది ఆవిడ మీద."

పార్కు తొమ్మిది మైళ్ళు. లైబ్రరీకి పోతూ దారిలో దింపే కారు మళ్ళీ సాయంత్రం గానీ రాదు, రోజూ అలా కుదరదు. పెరటి గుంట పోతే ప్రాక్టీసు పోతుంది, ప్రాక్టీసు పోతే లీగులో పేరు నిలవదు. ఉద్యోగం పోయాక ఆ మనిషికి గురువారానికీ బుధవారానికీ తేడా తెలిసేది ఆ ఒక్క లీగు వల్లే. ఈ సంగతి ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. ఒకసారి మాత్రం, వానకి ఆట రద్దయిన రోజున, నన్ను అడిగారు: "ఇవాళ ఏం వారమండీ?"

ఆయన ప్రాక్టీసు పద్ధతి చూస్తే ఈ పదమూడు ఓటములకీ కారణం అర్థమవుతుంది. ఫోన్‌ని కర్రకి కట్టి ప్రతి విసురూ వీడియో తీసేవారు. లాడం ఎన్ని డిగ్రీల్లో చెయ్యి వదిలింది, గాల్లో ఎంత ఎత్తు లేచింది, ఎన్ని చుట్లు తిరిగింది, అంతా కంప్యూటర్‌లో ఎక్కించి, ఒక పట్టిక తీసి, ప్లాస్టిక్ అట్ట వేయించారు. మ్యాచ్‌లో ప్రతి విసురుకీ ముందు జేబులోంచి ఆ పట్టిక తీసి చూసుకునేవారు. ఆర్లీన్ ఒకటే మాట చెప్పేది: "భీమ్, లాడం గాల్లో ఉండగా నువ్వు లెక్క పెడుతున్నావు. నీ మొహంలో కనిపిస్తోంది. చేతిని వదిలెయ్యి, దారి దానికి తెలుసు."

"నా చేతికి ఏమీ తెలియదు," అనేవారు ఈయన నాతో, తెలుగులో. "నా చేతిని నేను అరవై మూడేళ్ళుగా చూస్తున్నాను."

ఆయనకి ప్రాక్టీసులో ఎదురు నిలబడే మనిషి కావాల్సివచ్చినప్పుడల్లా నేను దొరికేవాణ్ణి. నా మొదటి విసురు కంచెకి తగిలింది. కంచె గుంటకి పక్కన ఉంటుంది, ఎదురుగా కాదు. ఆ తర్వాత నాకు స్కోరు రాసే పని అప్పజెప్పారు. పత్రికలో పనిచేసినవాడు అంకెలైనా సరిగా రాస్తాడని ఆయన ఆశ.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి. ఏటా దసరాకి ఆయన పూజలో కొలత పనిముట్లు పెడతారు. వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్, ఉక్కు స్కేలు. 2010 దసరాకి వాటి పక్కన నాలుగు లాడాలు కూడా చేరాయి. వాటి మీది కుంకుమ తర్వాతి సీజన్‌కి కూడా పూర్తిగా పోలేదు. ఆర్లీన్ చూసి, "ఎవరికి తగిలింది?" అని కంగారుపడింది. పనిముట్టుకి పొరపాటున కాలు తగిలితే వంగి, చేతుల్లోకి తీసుకుని, రెండు కళ్ళకీ అద్దుకోవడం ఆయనకి చిన్నప్పటినుంచీ ఉంది. కంపెనీలో బల్ల కింద పడ్డ గేజులకి కాలు తగిలినప్పుడల్లా అలాగే చేసేవారు. ఆయన మంచి ఇన్‌స్పెక్టర్ అని అందరికీ తెలుసు కనక, తోటివాళ్ళు అది తనిఖీలో భాగం అనుకున్నారు. ఆయన గేజుని వాసన చూసి మంచీచెడ్డా చెప్పేస్తాడని షాపులో పేరొచ్చింది. ఒక కుర్ర ఇంజనీరు కొన్నాళ్ళు తానూ వాసన చూశాట్ట.

ఆ సాయంత్రం మమ్మల్ని పార్కుకి తీసుకెళ్ళింది వాళ్ళమ్మాయి ఆద్య. వయసు ఇరవై ఆరు, షికాగోలో ఉద్యోగం. నాన్న ఓటమి చూడ్డానికి సెలవు పెట్టి వచ్చానని తనే చెప్పింది. కారులో ఎక్కాక దారి పొడుగునా ఒకటే గోల.

"నాన్నా, ఇది అందరూ ఒక చేత్తో బీరు పట్టుకుని ఆడే గేమ్. నువ్వు రెండు చేతులూ ఫ్రీగా పెట్టుకుని లూజ్ అవుతున్నావ్."

"నాకు బీరు అలవాటు లేదమ్మా."

"అదే ప్రాబ్లం ఏమో!"

దిగాక భీమశంకరం గారు జేబులు తడుముకున్నారు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, మళ్ళీ చొక్కా జేబు. పట్టిక లేదు. కాటా తుడుస్తూ వంటింటి గట్టు మీద పెట్టి మరిచిపోయారు. వెనక్కి వెళ్ళే టైము లేదు. ఆరున్నరకి మ్యాచ్. ఎదురు ఆడేది ఆర్లీన్.

"అయిపోయిందండీ," అన్నారు నాతో. "ఇంక పేరు రాసేయండి, గోంగూర అని."

తర్వాత జరిగింది నేను స్కోరు పలక పక్కన నిలబడి చూశాను. పట్టిక లేకపోవడంతో చూసుకోవడానికి ఏమీ లేదు. చూసుకోవడానికి ఏమీ లేక విసిరేశారు. మొదటిది రింగర్. ఆయన నమ్మలేదు, దగ్గరికి వెళ్ళి ఉక్కు స్కేలు పెట్టి చూశారు. లాడం రెండు కొసలకీ ఆనించిన స్కేలు గూటాన్ని తాకకుండా పోతేనే అది రింగర్ కింద లెక్క. తాకలేదు. ఆర్లీన్ కూడా వంగి చూసి తల ఊపింది. ఆవిడ ఒకటి వేస్తే ఈయన ఒకటి, ఆవిడ రెండు వేస్తే ఈయన రెండు. పదిహేను పదహారు, ఇరవై ఆరు ఇరవై ఆరు. పక్క కోర్టులవాళ్ళు తమ ఆటలు ముగించుకుని వచ్చి మా కంచె దగ్గర నిలబడ్డారు. రెండేళ్ళలో ఆయన ఆట చూడ్డానికి ఎవరైనా కావాలని నిలబడటం అదే మొదలు.

ఆర్లీన్ ముప్పై ఎనిమిది, భీమశంకరం గారు ముప్పై ఏడు.

ఆర్లీన్ ముందు విసిరింది. మొదటిది గూటాన్ని దాటి గుంట చివర పడింది. రెండోది గూటానికి పక్కగా, నాలుగంగుళాల దూరంలో. భీమశంకరం గారి మొదటి లాడం గుంటకి ముందే గడ్డిలో కూలబడింది. రెండోది విసిరారు. అది లేచింది, బద్ధకంగా ఒకటింబావు చుట్టు తిరిగింది, గూటాన్ని ఠంగుమని కొట్టి, దాని చుట్టూ ఒకసారి గిర్రున తిరిగి, కింద పడుకుంది. రింగర్. మూడు పాయింట్లు. నలభై.

నేను పలక మీద నలభై రాసేశాను. ముప్పై ఏళ్ళు డెస్కు మీద పనిచేసినవాణ్ణి. ఫలితం రాకముందే హెడ్డింగు పెట్టే అలవాటు పోలేదు.

ఆద్య అరిచింది. కంచె దగ్గర ఎవరో ఈల వేశారు. భీమశంకరం గారు నడవలేదు, దాదాపు పరిగెత్తారు. ఆ తొందరలో గుంట అంచు దగ్గర బూటు ఇసకలో జారింది, బూటు కొస లాడానికి తగిలింది. మెల్లిగానే తగిలింది. ఆయన ఆగారు. వంగారు. రెండు చేతులతో లాడాన్ని గూటం నుంచి పైకెత్తి కుడికంటికి అద్దుకున్నారు, ఎడమకంటికి అద్దుకున్నారు.

తర్వాత అలాగే నిలబడిపోయారు. ముక్కు పక్కనుంచి ఇసక రాలుతోంది.

ఆర్లీన్ నెమ్మదిగా నడిచి వచ్చింది. "భీమ్," అంది, "నువ్విప్పుడు దాన్ని ముద్దు పెట్టుకున్నావా?"

"తొమ్మిదో రూలు," అన్నారు ఆయన.

ఆద్య పరిగెత్తుకొచ్చి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. మనం గౌరవించే వస్తువుకి కాలు తగిలితే అలా సారీ చెప్పాలని, అది పుట్టుకతో వచ్చే రిఫ్లెక్స్ అని, ఆయన కావాలని చెయ్యలేదని.

"లాడానికి సారీనా?" అంది ఆర్లీన్.

"మామూలుగా పుస్తకాలకి. మనుషులకి కూడా. ఒకసారి ప్రింటర్‌కి చెప్పాడు."

ఆర్లీన్ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది కనక, విచిత్రమైన సంజాయిషీలు ఆవిడకి కొత్త కాదు. "సరే," అంది. "నేను వస్తూ చూశాను. అది రింగరే. నలభై నీది. కంగ్రాచులేషన్స్." చెయ్యి చాపింది.

భీమశంకరం గారు ఆ చెయ్యి అందుకోలేదు.

"స్కేలు పెట్టావా?" అని అడిగారు.

"నాకు కళ్ళున్నాయి."

"కొస ఒకటి గూటానికి బాగా దగ్గరగా ఉంది. దాటిందో లేదో స్కేలు పెట్టకుండా నేను చెప్పలేను. నువ్వూ చెప్పలేవు."

"భీమ్, నేను ఎదుటి మనిషిని. నేను ఒప్పుకుంటే అయిపోయినట్టే."

"కళ్ళున్నవాళ్ళు ముప్పై ఒక్కేళ్ళు నా బల్ల దగ్గరికి వచ్చి, చూశాం కదా పాస్ చెయ్యి అన్నారు. కొలవని పార్టు నేనెప్పుడూ పాస్ చెయ్యలేదు. నాదైతే చేస్తానా?"

ఆద్య ఇంక ఇంగ్లీషు వదిలేసింది. "నాన్నా, ప్లీజ్! నువ్వు గెలిచావ్! ఆమె ఇస్తుంది, తీసుకో! అమ్మ లేబర్ డే మార్నింగ్ తవ్వేస్తది, నీకు తెల్సు కదా!"

"తెలుసమ్మా."

"మరి ఎందుకు నో అంటున్నావ్?"

"చెరిపెయ్యండి," అన్నారు నావైపు తిరిగి. నాకు అర్థం కానట్టు నటించాను. "ఆ నలభై చెరిపెయ్యండి విలేఖరి గారూ. ముప్పై ఏడు రాయండి. ఆవిడది నాలుగంగుళాల్లో ఉంది, ఆవిడకి ఒకటి. ముప్పై తొమ్మిది."

ఆర్లీన్ నాలుగంగుళాల లాడం వంక చూసింది, ఈయన వంక చూసింది. తన లాడాలు తీసుకుంది. పుచ్చుకోనన్నవాడికి ఇంకోసారి ఇవ్వజూపే రకం కాదు ఆవిడ. జాలిపడి చెత్తగా విసిరే రకం అసలే కాదు. తర్వాతి విడతలో ఆవిడ మొదటి లాడం గూటాన్ని చుట్టుకుంది, రెండోది గుంట చివరికి పోయింది. భీమశంకరం గారివి రెండూ ఆరంగుళాల బయటే పడ్డాయి. రెండోది గాల్లో ఉండగా ఆయన మొహం చూశాను. లెక్క పెడుతున్నారు.

నలభై రెండు, ముప్పై ఏడు.

ఆద్యే మళ్ళీ కారు నడిపింది. ఇల్లు దగ్గరపడ్డాక ఆయనే అన్నారు: "ఒక విధంగా మంచిదే. గెలిచి ఉంటే, ఇన్నాళ్ళూ ఓడిపోయింది ఆ పట్టిక వల్లేనని ఒప్పుకోవాల్సి వచ్చేది."

ప్రసూన గారు గుమ్మంలోనే ఉన్నారు. మొహాలు చూసి అడగక్కర్లేకపోయింది గానీ అడిగారు. ఆద్య మొత్తం చెప్పింది, మధ్యలో రెండుసార్లు నాన్నని తిట్టింది.

"కాలు తగిలింది, కళ్ళకద్దుకున్నారు. అంతేనా?" అన్నారు ప్రసూన గారు.

"అంతే," అన్నారు భీమశంకరం గారు.

"అందులో తప్పేముంది? తగిలితే అద్దుకోరా మరి?"

"ఆర్లీన్ కూడా అదే అంది."

"మరి ఆవిడ ఇస్తానంటే తీసుకోలేదేం?"

"కొలవలేదు కదా."

ఆవిడ చేతులు తుడుచుకున్నారు. ఇప్పుడు ఒప్పందం కాగితం చింపేస్తారేమో అని నాకు అనిపించింది. ఆద్యకీ అలాగే అనిపించినట్టుంది, ఫ్రిజ్ వైపు చూసింది. ప్రసూన గారు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళారు, తలుపు తీశారు, మజ్జిగ గిన్నె బయటికి తీశారు, తలుపు వేశారు. కాగితం అక్కడే ఉంది.

"చేతులు కడుక్కోండి. అన్నం వడ్డిస్తాను," అన్నారు. "గ్యారేజీలో పార ఎక్కడ పెట్టారు?"

"చూపిస్తాను," అన్నారు ఆయన.

లేబర్ డే సోమవారం నేనూ వెళ్ళాను. ఆయన తవ్వారు, ఆవిడ నిలబడి ఇలా అలా అని చెప్పారు. వంటింటి వైపు గుంటలోంచి ఇసకంతా ఎత్తిపోశారు. గూటం మాత్రం రాలేదు. మూడడుగుల కాంక్రీటు, ఆయన స్వయంగా లెక్కగట్టి పోసినది. గంటసేపు లాగి, గునపంతో పొడిచి, చివరికి ఆయనే తన పనితనాన్ని మెచ్చుకుంటూ కూలబడ్డారు.

"ఉండనివ్వండి," అన్నారు ప్రసూన గారు. "బీరపాదు ఎక్కిస్తాను."

"వంగి ఉంది ప్రసూనా. మూడంగుళాలు."

"బీరకాయలకి మీ రూల్స్ లేవు."

అవతలి గుంటని, గోంగూరకి అంత స్థలం అక్కర్లేదని ఆవిడే వదిలేశారు. దయ కాదు. మేపుల్ కొమ్మలు పెరిగి, ఆ కొసన ఇప్పుడు మధ్యాహ్నం రెండు తర్వాత ఎండ ఉండదు. కాబట్టి ఇప్పుడాయన గోంగూర మడి పక్కన నిలబడి, ఉన్న ఒక్క గూటానికీ విసిరి, నలభై అడుగులు నడిచి వెళ్ళి, లాడాలు తెచ్చుకుని, మళ్ళీ విసురుతున్నారు. పట్టిక ఇంకా ఉంది. దాంతో ప్రసూన గారు ఇడ్లీరవ్వ డబ్బా మీద మూత పెట్టుకుంటున్నారు.

2012 మే మొదటి వారంలో క్లబ్బు ఫారం వచ్చింది. ఆద్య దాన్ని కంప్యూటర్‌లో నింపుదామంటే ఒప్పుకోక, పెన్నుతో నింపడానికి కూర్చున్నారు. స్కోరు పుస్తకం నా దగ్గర ఉంది కనక పక్కన నేనూ కూర్చున్నాను. గత సీజన్‌లో మొత్తం విసుర్లు: ఏడు వందలు. రింగర్లు ఎన్ని అని అడిగారు.

"ఎనభై ఒకటి," అన్నాను.

ఆయన పెన్ను ఆపి నావైపు చూశారు.

"ఎనభై," అన్నాను.

రాసుకున్నారు. గెలుపులు అన్న గడిని ఖాళీగా వదిలేసినా పరవాలేదని ఫారం కింద ఆర్లీన్ చేతిరాతతో ఉంది. ఆయన వదల్లేదు. సున్నా గుండ్రంగా వేశారు. రింగర్ శాతం గడిలో 11.43.